నయాగరా ఒడ్డున పదిహేడో సాలు

కెనడా నుంచి వచ్చిన దగ్గర్నుంచి కలిసిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న: "నయాగరా చూసినవా టీచరమ్మా?" చూశాను. అరగంట చూశాను, తడిశాను, తుమ్మాను. నీళ్ళు పైనుంచి కింద పడుతున్నాయి, బాగుంది. అదే నది వెంబడి ఓ అరగంట కిందికి పోతే, నది సరస్సులో కలిసే చోట ఒక చిన్న ఊరుంది. నయాగరా ఆన్ ది లేక్ అంటారు. ఆ ఊరి గురించి మాత్రం ఎవరూ అడగరు. అడగకపోతే నేనే చెప్తాను, ముప్పై ఒక్కేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన నోరు ఊరికే ఎలా ఉంటుంది? నాకు నోరే కాదు, చేతులూ ఊరుకోవు. ఆ చేతుల వల్ల అక్కడ ఎంత పని జరిగిందో చదవండి.

ముందు నేను అక్కడికి ఎందుకు పోయానో చెప్పాలి. మా తమ్ముడు యాదగిరికి మేడ్చల్ దగ్గర నాలుగెకరాల ద్రాక్ష తోట ఉండేది. అనాబ్‌షాహి రకం, మా నాన్న వేసిన పందిరి. నేనూ వాడూ ఆ పందిరి కిందే పెరిగాం. బోర్లు ఎండిపోయాయి, చుట్టూ ప్లాట్లు పడ్డాయి, ఏడేళ్ళ కింద తోట అమ్మేశాడు. ఇప్పుడక్కడ కట్టిన విల్లాలకు ద్రాక్ష పేరే పెట్టారు. తీగ మాత్రం ఒక్కటి లేదు.

వాడి ఒక్కగానొక్క కూతురు శిరీష. కరోనా తగ్గాక మా వైపు ఇంటికొక పిల్ల, ఇంటికొక పిల్లగాడు కెనడాకు పోతుంటే ఇది కూడా అప్లై చేసింది. కంప్యూటర్ కోర్సనుకున్నాం. తీరా చూస్తే ద్రాక్ష పెంపకం, వైన్ తయారీ! తమ్ముడు నెలరోజులు దానితో మాట్లాడలేదు. చివరికి పంపాడు గానీ, ఊళ్ళో ఎవరడిగినా "కంప్యూటర్స్ చేస్తుంది" అనే చెప్పాడు. "సారా చదువుకు బిడ్డను సముద్రాలు దాటిచ్చిండని నవ్వుతరక్కా" అనేవాడు నాతో. పిల్ల వాట్సాప్‌లో పంపే తోట ఫొటోలు తెరిచి కూడా చూసేవాడు కాదు. పైగా ఒక షరతు పెట్టాడు. ఏప్రిల్‌తో చదువు అయిపోతుంది, అప్పటికి పర్మనెంట్ ఉద్యోగం ఆఫర్ చేతిలో లేకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికి రావాలి.

మా అమ్మాయి కెనడాలోనే మిస్సిసాగా అనే ఊళ్ళో ఉంటుంది. దాని దగ్గరికి రెండు నెలలకని బయల్దేరుతుంటే తమ్ముడు ఎయిర్‌పోర్టులో చేయి పట్టుకున్నాడు. "నువ్వు పోయి చూసిరా అక్కా. ఉద్యోగమొస్తదా, రాదా? అదొక్కటి చెప్పు." తోట ఎలా ఉందని మాత్రం అడగలేదు.

మొదటి రోజు: అవతలి ఒడ్డు

మార్చి నెలాఖరు, గురువారం. మా అమ్మాయి నన్ను కారులో దింపి, మధ్యాహ్నం మీటింగుందని వెనక్కి పరుగెత్తింది. శిరీష ఎదురొచ్చింది. రెండేళ్ళలో పిల్ల నల్లబడింది, భుజాలు గట్టిపడ్డాయి. చేతులు పట్టుకుని చూస్తే అరచేతుల్లో కాయలు. మా నాన్న చేతులే. ఆ చేతులు వదలకుండానే "జుట్టుకు నూనె పెట్టుకుంటలేవా?" అని తిట్టాను.

ఊరు చాలా చిన్నది. తెల్ల చెక్కల ఇళ్ళు, మధ్య వీధిలో ఒక గడియారం స్తంభం, దాని పక్కనుంచి టకటకమంటూ గుర్రబ్బండి. మన దగ్గర గుర్రబ్బండి పెళ్ళికొడుక్కి, ఇక్కడ టూరిస్టుకి. వీధంతా జామ్ అంగళ్ళే. పీచ్ పళ్ళ జామ్ సీసా పన్నెండు డాలర్లు. వెన్న టార్టు అని ఒకటి తిన్నాను, వేలెడంత గిన్నెలా ఉంటుంది, లోపల బెల్లం పాకంలాంటిది. ఒకటి తిని, మొహమాటపడకుండా ఇంకొకటి తిన్నాను. చీర మీద మా అల్లుడి జాకెట్టు, తలకు మంకీ క్యాపు, కాళ్ళకు బూట్లు. నన్ను చూసి ఒక్కరూ నవ్వలేదు, పైగా ఇద్దరు ఆడవాళ్ళు చీర అంచు బాగుందన్నారు.

నది ఒడ్డున బెంచీ మీద కుక్కతో ఒక ముసలాయన కూర్చున్నాడు. అవతలి ఒడ్డు అమెరికా అట. గట్టిగా పిలిస్తే పలికేంత దూరం. ఈ పక్క ఒక కోట, ఆ పక్క ఒక కోట, ఎదురెదురుగా. "వాళ్ళు వచ్చి మా ఊరంతా కాల్చేశారమ్మా, నడి చలికాలంలో" అన్నాడాయన. నేను అయ్యో పాపం అని, ఎప్పుడు అని అడిగాను. రెండు వందల ఏళ్ళ కిందట! మొన్న జరిగినంత కోపంగా చెప్పాడు. నాకాయన నచ్చాడు, పాత పగ మరిచిపోని మనుషులంటే నాకు గౌరవం.

ఇంతలో నా ఫోన్ మోగింది. తీసి చూస్తే "అమెరికాకు స్వాగతం" అని మెసేజ్. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాకున్నది కెనడా వీసా ఒక్కటే! నదిలోకి రెండడుగులు ఎక్కువ వేశానా ఏమిటని బెంచీ వెనక్కి జరిగాను. శిరీష పడీపడీ నవ్వింది.

"సిగ్నల్ ఆ పక్కది పట్టింది అత్తమ్మా. ఫోన్ పోయింది అమెరికాకు, నువ్వు పోలే."

సాయంత్రం దాని బేస్‌మెంట్ గదికి పోయాం. దానితో ఉండే అమ్మాయి లావణ్య, భీమవరం పిల్ల, కాఫీ షాపులో పనిచేస్తూ డేటా కోర్సు చదువుతోంది. టమాటా పప్పు చేసి పెట్టింది, నేను తెచ్చిన ఆవకాయ జాడీ చూసి దాదాపు ఏడ్చింది.

"ఆంటీ, మేమందరం అప్లికేషన్లు పెట్టి పెట్టి ఈసురోమంటున్నామండి. ఇదొక్కతే మట్టి కొట్టుకుపోయి నవ్వుకుంటా ఇంటికొస్తాది" అంది శిరీషను చూపించి. "శనివారం దీని పరీక్ష. చెప్పలేదా మీకు?"

నాకు చెప్పలేదు. అడిగితే అప్పుడు బయటపెట్టింది. అది పార్ట్‌టైం చేసే తోట యజమానురాలు హెలెన్ అని డెబ్బై దాటిన ఆవిడ. పర్మనెంట్‌గా పనిలో చేరతామన్నవాళ్ళకు ఆవిడ కాగితాలు, ఇంటర్వ్యూలు చూడదు. మార్చిలో ఒక సాలు, అంటే ఒక వరస చెట్లు, అప్పగిస్తుంది. ఎనభై చెట్లు. వేరొకరి చెయ్యి పడకుండా ఒక్కరే కత్తిరించాలి. తర్వాత ఆవిడ వచ్చి సాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తుంది. నడిచాక నచ్చితే ఉండమంటుంది, లేకపోతే లేదు. శిరీషకు ఇచ్చింది పదిహేడో సాలు.

"నాన్నకు చెప్పకు అత్తమ్మా" అంది. "వస్తే అప్పుడు నేనే చెప్తా."

రెండో రోజు: నా చేతులు ఊరుకోలేదు

తోట చూసి ముక్కున వేలేసుకున్నాను. పందిరి లేదు! చెట్లన్నీ కంచెలాగా నిలువుగా, గుంజలకు కట్టిన ఇనుప వైర్ల మీద నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. సాళ్ళ మధ్య అక్కడక్కడ మంచు మరకలు. సరస్సు మీది గాలి చెవులు కోసేస్తోంది. మా తోటలో తల పైకెత్తి పనిచేస్తాం, మెడలు పడిపోతాయి. ఇక్కడ నడుం వంచి చేస్తారు. ద్రాక్ష ఎక్కడున్నా మనిషిని ఏదో ఒక చోట విరుస్తుందని తేలింది.

శిరీష పని చూస్తూ ఒక డబ్బా బోర్లించి కూర్చున్నాను. చెట్టుకు పది, పన్నెండు కొమ్మలుంటే రెండే రెండు పొడుగాటివి ఉంచుతోంది, ఒక్కొక్క దానికి చిగురు పుట్టే కన్నులు పది. మిగతావన్నీ తీసేసి, ఆ రెంటినీ వంచి వైరుకు కడుతోంది. కత్తెర ఆడుతుంటే తడబాటు లేదు. ముందు చెట్టు చుట్టూ ఒకసారి చూడటం, ఒక్క క్షణం ఆగటం, తర్వాత చకచకా నాలుగు కోతలు. అచ్చం వాళ్ళ నాన్న. వాడు ఇక్కడుండి చూస్తే ఎంత బాగుండేదని మనసు కొట్టుకుంది.

కానీ నాకు ఒకటి మింగుడు పడలేదు. మార్చి నెలలో అంత పొడుగు కొమ్మలు వదిలేయడమేమిటి? మా తోటలో ఏడాదికి రెండు కటింగులు. ఎండలు ముదిరే ముందు అన్ని కొమ్మల్నీ ఒక్క కన్ను ఉంచి మొదలంటా కొట్టేస్తాం. చెట్టు కొత్తగా చిగురిస్తుంది. అక్టోబర్‌లో కాయ కోసం ఐదారు కన్నులుంచి మళ్ళీ కోస్తాం. ఉగాది దగ్గర పడిందంటే మొదలంటా కోయడమే, అది నాకు పలక పట్టకముందే తెలుసు.

"గింత పొడుగెందుకు ఇడుస్తున్నవే?" అన్నాను.

"ఇక్కడ వేరే అత్తమ్మా. తినేటప్పుడు చెప్తా" అని, కట్టే దారం అయిపోయిందని అవతలి షెడ్డుకు పోయింది. పోయినది అరగంట రాలేదు.

బకెట్లో రెండో కత్తెర ఉంది. ఊరికే చేతిలోకి తీసుకున్నాను. ఏడేళ్ళయింది కత్తెర పట్టి. పిడి చల్లగా చేతిలో కూర్చుంది. పిల్లకు పని మిగిలి ఉంది, రేపే పరీక్ష, కాస్త సాయం చేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే సాయం కంటే సరిదిద్దుదామనే ఎక్కువ. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక చెట్టు మొదలంటా కోశాను. ఎంత హాయిగా ఉందో! రెండో చెట్టు, మూడో చెట్టు. మా నాన్న చెప్పినట్టు కన్నుకు వేలెడు పైన, ఏటవాలుగా, ఒక్క వేటుకు. చలి కూడా మరిచిపోయాను. ఐదో చెట్టు అయ్యేసరికి వెనక దారం ఉండ కింద పడిన చప్పుడు వినిపించింది.

"అత్తమ్మా! ఏం జేసినవ్?"

దాని మొహం చూడగానే కత్తెర కింద పెట్టేశాను. పిల్ల మంచు నేల మీద మోకాళ్ళ మీద కూలబడి, నేను కోసి పడేసిన కొమ్మల్ని ఒక్కొక్కటే ఏరుకుని చూస్తోంది. అప్పుడు చెప్పింది, ఏడుపు ఆపుకుంటూ. ఇక్కడ ఏడాదికి ఒకటే కటింగు. మంచు కాలంలో కోసిందే ఆఖరు, ఈ కొమ్మల మీద కన్నులే ఎండాకాలంలో కాయ అవుతాయి. అక్టోబర్‌లో రెండో అవకాశమంటూ లేదు. నేను మొదలంటా కొట్టేసిన ఐదు చెట్లకు ఈ ఏడు కాపు పోయినట్టే.

నాలుక కరుచుకున్నాను. తర్వాత నేనన్న మాట రాయడానికి సిగ్గేస్తోంది, కానీ రాస్తాను.

"చలికి కొమ్మలు సచ్చినయి, అందుకే మొదలంటా కోసిన అని చెప్పు బిడ్డా. ఎవరికి తెలుస్తది?"

శిరీష కింద పడిన కొమ్మ మీది ఒక కన్నును చాకుతో అడ్డంగా కోసి నా ముందు పెట్టింది. లోపల లేత పచ్చగా ఉంది.

"సచ్చిన కన్ను లోపల నల్లగుంటది. గీ కొమ్మల్ని ఎన్ని దాచినా ఆమె కనిపెడ్తది. కనిపెట్టకపోయినా నేను చెప్తా. సాలు నాది అత్తమ్మా."

ముప్పై ఒక్కేళ్ళు పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పిన మనిషిని. నాకు తల కొట్టేసినట్టయింది. అది లేచి, గుర్తు కోసం కట్టే నారింజ రంగు రిబ్బన్లు తెచ్చి, ఐదు చెట్లకూ ఐదు కట్టింది, దారిలో పోయేవాడికి కూడా కనిపించేలా. తర్వాత కత్తెర తీసుకుని వాటి పక్క చెట్టు దగ్గరికి పోయింది. పొద్దు గూకే దాకా నేను నా చేతులు రెండూ జాకెట్టు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక లావణ్యకు విషయం తెలిసింది. "పోనీలెండి ఆంటీ, మీరు కావాలని చెయ్యలేదుగా" అని నాకు కంచంలో అన్నం పెట్టింది. నేను మెతుకులు లెక్కపెడుతూ కూర్చున్నాను. శిరీషే ఆవకాయ జాడీ నా వైపు జరిపింది.

మూడో రోజు: హెలెన్ నడక

పొద్దున ఎనిమిదింటికి హెలెన్ తనే ట్రాక్టరు నడుపుకుంటూ వచ్చింది. పొట్టి మనిషి, తెల్ల జుట్టు, మగవాళ్ళ బూట్లు. సాలు మొదట్లోనే నిలబడి దూరంగా కనిపిస్తున్న ఐదు రిబ్బన్లను చూసింది.

"అవేమిటి?"

"మా అత్త మా ఊరి పద్ధతిలో కోసేసింది. నేను వదిలి వెళ్ళాను, తప్పు నాది. ఐదు చెట్లు" అంది శిరీష ఇంగ్లీషులో. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. తల దించుకోలేదు పిల్ల. దించుకున్నదల్లా నేనే.

హెలెన్ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎందుకలా కోశావు?" అని అడిగింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో, రానిచోట చేతులతో, మిగతాది శిరీష నోటితో చెప్పాను. చలికాలమంటూ లేని చోట ద్రాక్ష చెట్టు నిద్రపోదనీ, అందుకని మేమే రెండుసార్లు కోసి దాన్ని నిద్రపుచ్చి లేపుతామనీ. ఆవిడ అంతా విని, మొదటి చెట్టు దగ్గర మొదలుపెట్టింది.

ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. ఎనభై చెట్లు. కొమ్మ వంపు చూసింది, కట్టు లాగి చూసింది, కన్నులు వేలితో లెక్కపెట్టింది. నా జన్మలో ఎన్నో పరీక్ష పేపర్లు దిద్దాను గానీ, ఎదుటివాళ్ళ గుండె ఎలా కొట్టుకుంటుందో ఆ రోజు తెలిసింది. రిబ్బన్ల దగ్గరికి రాగానే నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ వంగి, నా కోతల మీద బొటనవేలు పెట్టి తడిమింది. ఐదు చెట్లవీ తడిమింది. లేచి మళ్ళీ నడిచింది. అరవై రెండో చెట్టు దగ్గర శిరీష ఉంచిన ఒక కొమ్మ మరీ లావుగా ఉందని చూపించింది. శిరీష తలూపింది.

చివర గుంజ దగ్గర చేతి తొడుగులు తీసింది.

"ఆ ఐదు చెట్లకూ ఈ ఏడు కాయ ఉండదు. తోట లెక్కల పుస్తకంలో అలాగే రాయి."

"రాస్తాను" అంది శిరీష.

"రిబ్బన్లు తీయకు. అవి ఎలా చిగురిస్తాయో నాకు చూడాలని ఉంది. చదువు అయిన మర్నాడు ఏడింటికి రా. ఉద్యోగం లెటర్ వారంలో తయారుచేయిస్తాను." ట్రాక్టరు వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇద్దరి కోతా చాలా శుభ్రంగా ఉంది. మీ ఇంట్లో ఎవరు నేర్పారు?"

"అత్తకు మా తాత" అంది శిరీష. "నాకు మా నాన్న నేర్పాడు."

నేను ఆ మంచులోనే దాన్ని గట్టిగా వాటేసుకున్నాను. ఎంత గర్వంగా అనిపించిందంటే, అవతలి ఒడ్డున అమెరికావాళ్ళకు కూడా వినిపించేలా అరవాలనిపించింది. నా మేనకోడలండీ! ఆ తోటలో ఆ సాలు దానిది!

తర్వాత హెలెన్ షెడ్డులో మూడు చిన్న గ్లాసుల్లో ఐస్ వైన్ పోసింది. ద్రాక్ష చెట్టు మీదే గడ్డకట్టాక కోసి, ఆ గడ్డల నుంచి పిండిన రసం. సగం సీసా యాభై డాలర్ల పైమాట. టీచరమ్మను కాబట్టి తాగలేదని రాయొచ్చు. తాగాను. తేనెలో నిమ్మకాయ పిండినట్టుంది. మా ఈత కల్లు పులుపు దీనికి లేదు గానీ, తక్కువేమీ కాదని చెప్పాను. శిరీష ఆ మాట తర్జుమా చేయలేదు.

మళ్ళీ ఇంటికి

మిస్సిసాగాకు తిరిగొచ్చే దారిలో రిబ్బన్లు కట్టిన చెట్ల ఫొటో తమ్ముడికి పంపాను. కింద ఏమీ రాయలేదు. ఉద్యోగం సంగతి చెప్పే హక్కు శిరీషది. పది నిమిషాల్లో ఫోనొచ్చింది. అక్కడ అర్ధరాత్రి దాటింది.

"అక్కా, గా కోత నీదే."

"నీకెట్ల తెలిసింది?"

"మూడో చెట్టుకు వేలెడు ఇడువకుండ కన్ను నెత్తిమీదనే కోసినవ్. చిన్నప్పటి సంది నువ్వు గట్లనే కోస్తవ్. నాయిన ఎన్నిసార్లు తిట్టలేదు?" తర్వాత మెల్లగా అడిగాడు. "పక్క చెట్లు ఎవరు కోసిన్రు? పొడుగు కొమ్మలు వంచి కట్టినయి?"

"నీ బిడ్డ."

"మంచిగ కోసింది" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. మర్నాడు లావణ్య ఫోన్లో చెప్పింది, ఆ రోజు తండ్రీ కూతుళ్ళు వీడియో కాల్‌లో మూడు గంటలు మాట్లాడుకున్నారట. రెండేళ్ళ తోట ఫొటోలన్నీ మొదట్నుంచి చూశాడట. ఒక్కొక్క దానికి వంక పెట్టాడట.

పోయిన ఆదివారం మా పెద్దనాన్న మనవడి గృహప్రవేశం. బంతిలో వంద మంది కూర్చున్నారు. మా బంధువు ఒకాయన విస్తరి ముందు నుంచి గట్టిగా అడిగాడు. "యాదగిరీ, నీ బిడ్డ కెనడాల ఏం జేస్తుందే? కంప్యూటర్సేనా?"

తమ్ముడు తింటున్న చెయ్యి ఆపాడు. నేను వాడి మొహమే చూస్తున్నాను.

"ద్రాక్ష తోట చేస్తుందన్నా" అన్నాడు, బంతి మొత్తానికీ వినపడేలా. "నాలుగెకరాలు కాదు, నలభై ఎకరాలు. అండ్ల పదిహేడో సాలు ఉన్నది. ఎనభై చెట్లు. ఎనభైకి ఎనభై నా బిడ్డ ఒక్కతే కోసింది."

ఎనభై కాదు, డెబ్బై అయిదు. నా నాలుక చివరి దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి తప్పు దిద్దకుండా, ఇంకో పూర్ణం వేయించుకున్నాను.